మూడో రంధ్రంలో తీగ ఉందా?

కూలి రేట్ల సంగతి, బోనస్ సంగతి పక్కనబెట్టి ఈ సంచికలో ఇంటి గోడ మీది ప్లగ్గు గురించి రాస్తున్నామంటే కొందరికి వింతగా తోచవచ్చు. అది యూనియన్ పని కాదనేవారు కూడా ఉంటారు. అలాంటి సోదరులకు ఒక్కటే చెబుతాం. కార్ఖానాలో సాంచా మోటారు బాడీ చుర్రుమంటే మనం ఏం చేస్తాం? సాంచా ఆపేస్తాం. వైర్‌మన్ వచ్చి చూసేదాకా దాని దగ్గరికి పోము. యజమాని గొణిగినా సరే. అదే మనిషి ఇంటికి వెళ్లాక ఇస్త్రీపెట్టె చేతికి చిమచిమలాడితే, "అది ఎప్పుడూ అంతే, చెప్పులేసుకుని పట్టుకో" అని భార్యకు చెబుతాడు. మోటారుకు ఒక న్యాయం, ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకో న్యాయమా?

అసలు ఆ చిమచిమ ఏమిటి? ఇనుప బాడీ ఉన్న ఏ వస్తువులోనైనా లోపలి తీగ పొర చెడి బాడీకి తగిలితే, ఆ కరెంటు భూమిలోకి దిగిపోవడానికి ఒక దారి ఉండాలి. ఆ దారే ఎర్తు. ప్లగ్గులో పైనున్న మూడో పిన్ను అందుకోసమే ఉంది. మిగతా రెండింటికంటే అది పొడుగ్గా, లావుగా ఉండడం ఊరికే కాదు. పొడుగు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు ఎర్తు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలి. లావు ఎందుకంటే, పొరపాటున కూడా అది కరెంటు రంధ్రంలో దూరకూడదు. ఇంత ఆలోచించి చేసిన పిన్ను మన ఇళ్లలో చాలాచోట్ల ఉత్త రంధ్రంలోకి పోతోంది. బోర్డు విప్పి చూస్తే వెనక ఆకుపచ్చ తీగే ఉండదు. ఎర్రది, నల్లది రెండే ఉంటాయి. దారి లేని కరెంటు, ఆ వస్తువును ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి దారి చేసుకుంటుంది.

"ఫ్యూజు ఉందిగా, ఎం.సి.బి. వేయించాంగా" అనే మాట మేము ఎన్నోసార్లు విన్నాం. ఇక్కడే పెద్ద అపోహ ఉంది. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఫ్యూజు అంటే ఆరువేల మిల్లీ ఆంపియర్లు. పది, పదిహేను మిల్లీ ఆంపియర్లకే చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. ముప్పై దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. నలభై వాట్ల బల్బు తీసుకునే కరెంటే దానికి ఆరింతలు దగ్గర ఉంటుంది. అంటే మనిషి పోయాక కూడా ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది! మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది రెప్పపాటులో మెయిన్ కొట్టేస్తుంది. ఎర్తు ఉంటే బాడీకి కరెంటు తగిలిన వెంటనే, మనిషి ముట్టుకోకముందే కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే మనిషికి షాక్ తగిలాక కొట్టేస్తుంది. అందుకని రెండూ కావాలి. దాని మీద 'టి' అని ఒక మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినా కరెంటు పోకపోతే అది చెడిందన్నమాట.

మన వాడల్లో రోజూ కనబడే కొన్ని పద్ధతుల గురించి చెప్పక తప్పదు. ప్లగ్గు ఊడిపోతే తీగ కొసలు చెక్కి, రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చడం ఒకటి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల తొడుగు వేయడం ఇంకొకటి. ఆ తొడుగుతో ఎర్తు అక్కడికక్కడే తెగిపోతుంది. వీటన్నిటికన్నా చెడ్డది కొందరు మిస్త్రీలు చేసే మోసం. ఎర్తు తీగ లాగే ఖర్చు తప్పించడానికి సాకెట్టు లోపలే ఎర్తును నల్లతీగతో కలిపేస్తారు. పైకి అంతా బాగానే ఉంటుంది. కాని నల్లతీగ ఎక్కడైనా తెగిన రోజున కూలరు, ఫ్రిజ్జు బాడీలన్నీ ఒక్కసారిగా కరెంటు పట్టుకుంటాయి. స్విచ్చి నల్లతీగ మీద వేసి పోయేవాళ్లూ ఉన్నారు. స్విచ్చి ఆర్పినా లోపల కరెంటు అలాగే ఉంటుంది.

సోలాపూర్ ఎండలకు రేకు కూలరు లేని గది లేదు. దాని లోపల నీళ్లు, నీళ్లలో పంపు, చుట్టూ రేకు. నీళ్లు పోసేముందు స్విచ్చి ఆర్పితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. నీళ్ల రాడ్డు సంగతీ అంతే. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్ల కరెంటు పొయ్యి దాదాపు తొమ్మిది లాగుతుంది. వీటికి లావు పిన్నుల పదహారు ఆంపియర్ల సాకెట్టు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ ఉండాలి. లైటు బోర్డుకు తగిలిస్తే తీగ గోడలోనే కాగుతుంది. పైగా మన గదుల్లో నూలు దూది ఎగరని చోటు ఉండదు. సాకెట్టులో చేరిన దూదికి ఒక నిప్పురవ్వ చాలు.

2025 మే 18 తెల్లవారుజామున సోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక తువ్వాళ్ల కార్ఖానా తగలబడి ఎనిమిదిమంది చనిపోయారు. యజమాని కుటుంబం, కార్మికులు ఆ ఆవరణలోనే నివాసముంటున్నారు. చనిపోయినవారిలో పసిపిల్లవాడు కూడా ఉన్నాడు. షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చని మొదట్లోనే వార్తలు వచ్చాయి. సాంచాల పక్కన నిద్రపోయే కుటుంబాలు సోలాపూర్‌లోనే కాదు, భివండీలోనూ ఉన్నాయి. అక్కడ ఇంటి ప్లగ్గు, కార్ఖానా ప్లగ్గు అనే తేడా ఏముంటుంది?

తేడా వచ్చేది పరిహారం దగ్గర. పనిలో ప్రమాదం జరిగి కార్మికుడు పోతే ఇ.ఎస్.ఐ. కింద ఆ కుటుంబానికి ఆధారితుల పింఛను దొరుకుతుంది. ఇంటి కూలరు కొట్టి పోతే దొరకదు. పి.ఎఫ్. ఉన్నవారికి దానితోపాటు వచ్చే బీమా ఎక్కడ చనిపోయినా వర్తిస్తుంది. కాని సాంచాల కార్మికుల్లో పి.ఎఫ్. ఉన్నవారు ఎందరో మనకు తెలిసిందే. అది ఇంకో పోరాటం.

మీటరు దాకా బాధ్యత కరెంటు కంపెనీది. మీటరు దగ్గర ఎర్తు టెర్మినల్ ఇవ్వాలన్నది 1956 నాటి రూల్స్‌లోనే ఉంది, ఈనాటి నిబంధనల్లోనూ ఉంది. లేకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. మీటరు దాటాక బాధ్యత ఇంటివాడిది. అద్దె తీసుకునేవాడు ఎర్తు కూడా ఇవ్వాలి. కార్ఖానా గదుల్లో కార్మికులను ఉంచే యజమానులు ప్రతి గదికీ ఎర్తు, ఆర్.సి.సి.బి. వేయించాలని మేము డిమాండ్ చేస్తున్నాం. ఆర్.సి.సి.బి. రెండు మూడు వేల రూపాయల లోపు వస్తువు.

సొంత ఇల్లు దక్కినవారికీ ఒక మాట. కుంభారి దగ్గర 2006లో బీడీ కార్మికులకు పదివేల ఇళ్లు, 2024 జనవరిలో రేనగర్‌లో పదిహేనువేల ఇళ్లు పోరాడితేనే వచ్చాయి. అలాంటి ఇంటికి వెనకాల గది వేసుకుని, ఉన్న బోర్డులోంచి రెండు తీగలు లాగి సరిపెట్టకండి. మూడో తీగ కూడా లాగించండి. లైసెన్సు ఉన్న మిస్త్రీ చేత ప్రతి సాకెట్టులోనూ ఎర్తు పరీక్ష చేయించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో నేలకు దగ్గరగా ఉన్న సాకెట్లకు లోపల మూతలున్న రకం వేయించాలి.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే చేత్తో లాగవద్దు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో తీగను తోసెయ్యాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే రొమ్ము మధ్య గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించాలి.

కార్ఖానా ఆవరణల్లో, చాళ్లలో ఉంటున్నవారు గదిలో ఎందరు ఉంటున్నారు, మీటరు ఎవరి పేర ఉంది, సాకెట్టులో ఎర్తు ఉందా లేదా అన్నది ఒక కాగితం మీద రాసి వచ్చే జనరల్ బాడీ లోపల శాఖ కార్యదర్శికి అందజేయండి. యజమాని భయం ఉన్నవారు పేరు రాయనక్కర్లేదు, గది గుర్తు రాస్తే చాలు.