పడవెక్కి వెళ్లారు, నడిచి వచ్చారు

పిల్లలూ! ఈ నెల ఒక చిక్కు ప్రశ్న. కాగితం, పెన్సిలు అక్కరలేదు. ఎక్కాలు రానివాళ్లు కూడా ప్రయత్నించవచ్చు.

కొందరు మనుషులు పడవలెక్కి సముద్రం మీదికి వేటకు వెళ్లారు. చిన్నప్పటినుంచీ ఉప్పునీటిలో పెరిగినవాళ్లు. తూర్పేదో పడమరేదో ఎరగనివాళ్లు కారు. అయినా దారి తప్పారు. 13 నెలలు దాటాక స్వదేశానికి తిరిగి వచ్చారు. కాని పడవలో కాదు! బయలుదేరిన రేవుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, సముద్రమన్నది కంటికి కనబడని చోట, ఒక గేటు దాటి నడిచి వచ్చారు. ఏం జరిగిఉంటుంది?

సాయంత్రం మా అరుగు మీద చేరే పిల్లల్ని ఇదే అడిగాను. వాళ్లు ఎన్ని ప్రశ్నలైనా వెయ్యవచ్చు. నేను మాత్రం "అవును", "కాదు" అనే చెప్పాలి.

"తిమింగలం మింగేసిందా, మాస్టారూ?"

"కాదు."

"పడవ మునిగిందా?"

"కాదు."

"దిక్సూచి చెడిపోయిందా?"

ఇక్కడ నా నియమం నేనే తప్పాను. "చెడిపోకపోయినా ఇలా జరగవచ్చు" అన్నాను.

"ఎవరైనా పట్టుకున్నారా?"

"అవును."

"దొంగలా?"

"కాదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు సముద్రపు ఒడ్డు పల్లెనుంచి వచ్చి ఇక్కడ బంధువులింట ఉండి ఆరో తరగతి చదివే పిల్ల మెల్లిగా అడిగింది: "ఆళ్లు గీత దాటీసినారా, మాస్టారూ?"

"ఏ గీత?"

"నీళ్ల మీద ఉంటాదట. అగుపడదట. మా అయ్య వేరావల్ ఎల్లినప్పుడల్లా మాయమ్మ అదే బెంగెట్టుకుంటాది."

మరి నేను "అవును" అనవలసిన పనే లేకపోయింది.

ఇది కట్టుకథ కాదు, పిల్లలూ. మన తీరంలో పెద్ద పడవలు నిలిచే రేవులు చాలక, మన మత్స్యకారులు ఎందరో గుజరాతులోని వేరావల్‌కు వెళ్లి, అక్కడి మరపడవల మీద కూలికి పనిచేస్తారు. 2018 చివరలో అలా వెళ్లినవారు కొందరు తెలియకుండా పాకిస్తాను జలాలలో ప్రవేశించారని అక్కడి గస్తీవారు పట్టుకుని కరాచీ జైలులో ఉంచారు. 2020 జనవరి 6న 20 మందిని విడిచిపెట్టగా, పంజాబులోని వాఘా సరిహద్దు గేటు దాటి మన దేశంలో అడుగుపెట్టారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే.

దిక్కులు తెలిసినవాళ్లు దారి ఎలా తప్పుతారు? అసలు చిక్కు ఇదే. దిక్కు వేరు, చోటు వేరు. రాత్రి వల వేసి, ఇంజను ఆపారనుకోండి. నీటి ప్రవాహం గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున పడవను నెడుతున్నది. నడిచే మనిషి వేగంలో సగం కూడా లేదు! పది గంటలలో పడవ 20 కిలోమీటర్లు జరిగిపోతుంది. దిక్సూచి చూస్తే ఉత్తరం ఉత్తరంగానే ఉంటుంది. అది అబద్ధం చెప్పదు. కాని "మీరు జరిగిపోయారు" అని మాత్రం చెప్పలేదు. ఈ రోజుల్లో ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే జీపీఎస్ పరికరాలు వచ్చాయి. అయితే చోటు తెలిస్తే చాలదు, గీత ఎక్కడున్నదో కూడా తెలియాలిగా? ఆ సముద్రంలో గీత ఎక్కడ గియ్యాలో రెండు దేశాలకూ ఇంకా ఒప్పందమే కుదరలేదు!

మన ఒడ్డున ఈ బాధ లేదు. ఇక్కడ వేటగాళ్లకు ఒడ్డే పటం. కళింగపట్నం దీపస్తంభమూ, దాని వెనక ఒక కొండా ఒకే వరసలో కనబడుతున్నాయనుకోండి. పడవ ఆ వరస మీదనే ఎక్కడో ఉన్నదన్నమాట. మరొకవైపు గుడి గోపురమూ, తాటిచెట్టూ ఒకే వరసలోకి వస్తే అది రెండో గీత. రెండు గీతలూ కలిసేచోటే పడవ! నేను ముప్ఫయి ఏళ్లకు పైగా పిల్లల్ని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి దిక్కులు చెప్పానే గాని, ఈ సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

మీరూ చేసి చూడండి. చెరువుగట్టున గాని, బీటిలో గాని ఒక గోళీ పాతి, అక్కడినుంచి రెండు జతల గుర్తులు చూసుకోండి. వారం తరవాత వెళ్లి ఆ గుర్తులతోనే వెతకండి. ఒక జత దూరంగానూ, ఒకటి పక్కగానూ ఉండాలి సుమా.

ఆ పిల్ల తండ్రి ఎండాకాలంలో ఇంటికి వస్తాడట. నేను చెప్పినదాంట్లో తప్పులున్నాయేమో ఆయన్ను అడగాలి.