గోడ గాదు, పత్రిక గాదు
2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖమును వేఱొక స్త్రీ వీడియోకు అతికి అంతర్జాలమున వదలిరి. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుని పట్టుకొనినది మన గుంటూరు ప్రాంతమునందే. తన పుటను అనుసరించువారి సంఖ్య పెంచుకొనుటకే యిట్లు చేసెనని పోలీసులు చెప్పిరి. పగ గాదు, ద్వేషము గాదు, లెక్క పెరుగుటకై! ఆ లెక్కను ఊరించి చూపునదియు, అది పెరిగినకొలది ప్రకటనల ధన మార్జించునదియు వేదికల యజమానులే యని మఱవరాదు.

అంతకు మున్నే యింతకన్న ఘోరము జరిగినది. 2021 జూలైలో “సుల్లీ డీల్స్” అనియు, 2022 జనవరి 1వ తేదీన “బుల్లీ బాయి” అనియు పేర్లు పెట్టి, మహమ్మదీయ స్త్రీల ఛాయాచిత్రములను గిట్‌హబ్ వేదికపై వేలమున కుంచిరి. మొదటి దానిపై కేసు నమోదైనను ఆరు మాసములు ఒక్క అరెస్టును లేదు. రెండవది జరిగి దేశము గగ్గోలుపడిన పిమ్మట కొలది దినములలోనే రెంటియందును అరెస్టులు జరిగినవి. పట్టదలచిన పట్టవచ్చునని తేలినది గదా!

శాసనములు లేవనుటకు వీలులేదు. స్త్రీని వెంటాడుట, ఆమె అంతర్జాల వ్యవహారములను పొంచి చూచుట 2013 సవరణచే నేరమైనవి. 2024 జూలై 1 నుండి అమలగుచున్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనున అవి నిలిచియున్నవి. నగ్నచిత్రములను, మార్చిన చిత్రములను ఫిర్యాదందిన కొలది గంటలలోనే తొలగింపవలెనని 2021 నిబంధనలు విధించినవి.

ఇక ప్రభుత్వమునకే సర్వాధికార మిమ్మనువారు కలరు. మే మంగీకరింపజాలము. 2012 నవంబరులో మహారాష్ట్రమందలి పాల్ఘరున, బాల్ ఠాక్రే మృతినాటి బందును గూర్చి ఫేసుబుక్కున వ్రాసిన యువతిపైనను, ఆ వ్రాతను మెచ్చిన మఱియొక యువతిపైనను ప్రయోగించినది 66-ఏ సెక్షనునే. దానిని 2015 మార్చి 24న సుప్రీముకోర్టు కొట్టివేసినది. 1910 ప్రెస్సు చట్టపు ధరావతుల కథ నెఱిగిన పత్రికలకు ఇందు వింత లేదు.

అయితే కోర్టు ఉత్తరువో, ప్రభుత్వపు నోటీసో అందినగాని తొలగించు బాధ్యత లేదని ఆ తీర్పే చెప్పుటచే, వేదికలవారు దానిచాటున నిలుచుచున్నారు. ఎవరో వ్రాసిన జాబును అచ్చువేసినను పత్రికా సంపాదకుడు కోర్టున నిలువవలెను. వీరో, తాము గోడలవంటివారమే యందురు. ఏ వ్రాతను ఎవరి కన్నుల కెదుట నిలుపవలెనో గోడ యెంచునా? వీ రెంతురు. తామెంచి వ్యాపింపజేసినదానికి తాము జవాబుదారులు గావలెననుట వాక్స్వాతంత్ర్యమునకు భంగము గాదు.

తెలుగు తిట్టును ఇంగ్లీషు లిపిలో వ్రాసి, కులమును ఊరిని నర్మముగా తగిలించిన యంత్రమేమి గ్రహించును? తెలుగెఱిగిన మనుష్యులు కావలెను. 2022 నవంబరులో ట్విట్టరు కొత్త యజమాని భారతదేశమందలి తన సిబ్బందిలో అధికభాగమును తొలగించెను!

మన యిండ్లలోని న్యాయము మఱియొక విధము. పిల్ల ఏడ్చుచు వచ్చి చెప్పిన, తండ్రి మొదట ఫోను లాగికొనును. పిదప చదువు మాన్పించును. దుండగీడు కోరినది సరిగా అదియే. తరువాత ఏ పిల్ల నోరు విప్పును?

పెద్ద వేదికలు నెలనెలా నివేదికలు ప్రకటింపవలెనని 2021 నిబంధనలే చెప్పినవి. భాషలవారీ లెక్కను మాత్ర మడుగలేదు. తెలుగున ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఎన్ని గంటలలో తీర్చిరో, వానిని చూచుటకు తెలుగువారి నెందఱిని నియమించిరో ఆ నివేదికలలో చూపవలెనని ఉభయ తెలుగు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలెను.