ఫోల్డర్ తెరుచుకోకపోతే ఫైర్‌వాల్ ఆపేస్తారా?

నాలుగు కంప్యూటర్లున్న ఆడిటర్ ఆఫీసులో సరిగ్గా రిటర్నుల గడువు రోజునే షేర్డ్ ఫోల్డర్ మొరాయిస్తుంది. పిలిస్తే వచ్చిన మెకానిక్ ఫైర్‌వాల్ ఆపేసి, ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, ఫైళ్లు పంచుకునే పాత ప్రోటోకాల్ ఎస్‌ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేసి వెళ్లిపోతాడు. పని నడుస్తోంది కదా అని ఎవరూ అడగరు. అడగాలి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ 1 లోపం గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దానికి చిక్కాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది! ఇప్పుడు చాలాచోట్ల ఫోల్డర్ తెరుచుకోకపోవడానికి అసలు కారణం వేరు: విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ను మామూలుగా ఒప్పుకోదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో ఒక్కో ఉద్యోగికి పాస్‌వర్డ్‌తో ఖాతా తెరిస్తే చాలావరకు దారికొస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లు రెండూ చూడాలి. నెట్‌వర్క్‌లో వచ్చేవారికి వాటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. పేరుతో దొరకని కంప్యూటర్ ఐపీ నంబరుతో దొరికిందంటే తప్పు ఫోల్డర్‌ది కాదు, పేరు వెతికే ఏర్పాటుది. జనం పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు దాచుకున్న ఆఫీసులు ఇంత మాత్రం శ్రమ పడాలి, ఎస్‌ఎంబీ 1ని ఈరోజే ఆపేయాలి.