ఆకలి లేకపోయినా ఐదో ప్లేటు

అమెరికా వెళ్లి ఎంఎస్ చేసిన మనవాళ్లలో చాలామందికి ఒక డైనింగ్ హాల్ కథ ఉంటుంది. నాకూ ఉంది. ట్యూషన్ ఫీజుకి నాన్న బ్యాంకు లోన్ తెచ్చారు. రూమ్ రెంటు, కిరాణా మాత్రం నా పార్ట్‌టైమ్ మీదే. ఆ పార్ట్‌టైమ్ నాకు మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు తినే హాల్లో దొరికింది. చేతికి గ్లవ్స్, నెత్తిన టోపీ, ముందు పెద్ద గరిటె. ఎవరు ప్లేటు చాపితే వాళ్లకి వడ్డించడమే పని.

2017 జనవరి. బయట మంచు. ఒక కుర్రాడు అదే పూట ఐదోసారి ప్లేటు పట్టుకుని వచ్చాడు. పద్దెనిమిదేళ్లుంటాయి. ఆరడుగుల ఐదంగుళాలు. మా అమ్మమ్మ ఇంటి గుమ్మంలో అయితే నడుం దాకా వంగితే తప్ప లోపలికి రాలేడు.

"ఇంకా ఆకలిగా ఉందా?" అని నవ్వుతూ అడిగా.

వాడు నవ్వలేదు. "ఆకలా? పొద్దుట్నుంచీ ఆకలన్నదే లేదు. ఆగస్టులోపు ముప్ఫై పౌండ్లు పెరగాలి. పెట్టెయ్" అన్నాడు.

పెట్టాను. మూలనున్న టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని, చేదు మందు మింగినట్టు కళ్లు మూసుకుని తిన్నాడు. నేనేమో నెలాఖరుకి ఫ్రిజ్‌లో ఎన్ని గుడ్లు మిగిలాయో లెక్కపెట్టుకునే రోజులవి. అన్నం చూసి ఏడుపు మొహం పెట్టినవాణ్ని అంతకుముందు చూడలేదు. (చిన్నప్పుడు కాకరకాయ కూర రోజున మా తమ్ముణ్ని తప్ప.)

ఆ రోజు నుంచి వాడి మీద ఓ కన్నేశా. ఈ వారం కాలమ్ వాడి గురించే. అలాగే మనం రీల్స్‌లో "వావ్" అంటూ చూసే ఆ బాడీల వెనక ఏం జరుగుతుందో దాని గురించి కూడా.

ముందు ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అక్కడ సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో విసురుతారు, పట్టుకుని పరిగెడతారు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడి ముందు గోడలా నిలబడే ఐదుగురు అఫెన్సివ్ లైన్. వీళ్లు బంతి పట్టుకుని పరిగెత్తేది లేదు, టీవీలో పేరు వినపడేది తక్కువ. అవతలి టీమ్ వాళ్లు వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడెయ్యకుండా అడ్డుకోవడమే డ్యూటీ. రెండు లారీలు గుద్దుకుంటే లోడున్న లారీయే నిలబడుతుంది కదా. ఇక్కడా అదే లెక్క. అందుకే ఒకే టీమ్‌లో 85 కిలోల కుర్రాడు ఉంటాడు, వాడి పక్కనే 140 కిలోలవాడూ ఉంటాడు. ఇద్దరూ అథ్లెట్లే.

మా కుర్రాడు లైన్‌మన్. హైస్కూల్ నుంచి వచ్చినప్పుడు 260 పౌండ్లు, అంటే సుమారు 118 కిలోలు. ఇంట్లో వాళ్లందరికంటే పెద్దోడు. కాలేజీ లెక్కలో మాత్రం "బక్కోడు".

ఈ బరువుల పిచ్చి మొదట్నుంచీ లేదు. బరువులెత్తితే కండలు బిగుసుకుపోయి ఆటగాడు నెమ్మదించిపోతాడని ఒకప్పుడు కోచ్‌లు నమ్మేవాళ్లు. నెబ్రాస్కా యూనివర్సిటీలో బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ ఆటగాడు ఉండేవాడు. దెబ్బ తగిలి ఆటకి దూరమై, వెయిట్ రూమ్‌లో తన పాటికి తాను కసరత్తు చేసుకునేవాడు. గాయాలతో అక్కడికొచ్చిన ఫుట్‌బాల్ ఆటగాళ్లు అతన్ని చూసి అలాగే చేశారు. మామూలుగా కాదు, ముందుకంటే బలంగా తిరిగొచ్చారు. అసిస్టెంట్ కోచ్ టామ్ ఆస్బర్న్ అది గమనించాడు. 1969లో ఎప్లీకి ఉద్యోగమిచ్చారు. జీతం గంటకి రెండు డాలర్లు. హెడ్ కోచ్ బాబ్ డెవనీ పెట్టిన షరతు ఒక్కటే: ఆటగాళ్లలో ఎవడైనా నెమ్మదించాడో, నీ ఉద్యోగం పోయినట్టే.

ఎవరూ నెమ్మదించలేదు. 1970, 1971ల్లో నెబ్రాస్కా వరసగా నేషనల్ చాంపియన్. ఇక మిగతా కాలేజీలు ఊరుకుంటాయా? 1978కల్లా ఎప్లీ ఆధ్వర్యంలో స్ట్రెంగ్త్ కోచ్‌లకి ఒక జాతీయ సంఘమే పుట్టింది. గంటకి రెండు డాలర్లతో మొదలైన ఉద్యోగం పెద్ద ప్రోగ్రామ్‌లలో ఇప్పుడు ఏడాదికి లక్షల డాలర్లది. సీజన్ లేని నెలల్లో కుర్రాళ్లు హెడ్ కోచ్ కంటే స్ట్రెంగ్త్ కోచ్ దగ్గరే ఎక్కువసేపు ఉంటారు.

తిండి కథ ఇంకోటి. 2014 దాకా కాలేజీ క్రీడల పెద్దన్న ఎన్‌సీఏఏ, ఆటగాళ్లకి ఎన్ని పూటలు పెట్టాలో కూడా రూల్ రాసింది. ఆ ఏడాది బాస్కెట్‌బాల్ చాంపియన్ టీమ్ స్టార్ షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకున్నానని మీడియా ముందు చెప్పేశాడు. దేశమంతా గోల. కొద్ది రోజుల్లోనే, ఏప్రిల్ 2014లో, డివిజన్ వన్ ఆటగాళ్లకి ఎంత కావాలంటే అంత పెట్టొచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. మంచి మార్పే. నాకు గరిటె ఉద్యోగం దొరికింది కూడా దాని పుణ్యమే అనుకుంటా.

కానీ మా కుర్రాడి విషయంలో "ఎంత కావాలంటే అంత" కాస్తా "ఎంత చెబితే అంత" అయిపోయింది. రోజుకి ఐదారు వేల క్యాలరీలు. మామూలు మగాడి తిండికి రెండింతల పైనే. పొద్దున్నే బరువు తూకం. ప్రాక్టీస్‌కి ముందు తూకం, తర్వాత తూకం. ఈ రెండో తూకం నిజానికి మంచిది. చెమటగా పోయిన నీరెంతో తెలుస్తుంది, అంతా తిరిగి తాగించొచ్చు. కానీ పొద్దుటి తూకంలో అంకె పెరగకపోతే ఆ రోజు వాడి మొహం చూడాలి... పరీక్ష తప్పినోడిలా ఉండేది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఒంటికి కండ పట్టే స్పీడుకి ఒక హద్దుంది. నిద్ర, కసరత్తు, తిండి అన్నీ సరిగ్గా కుదిరినా కొన్ని నెలల్లో పట్టే కండ కొంతే. అంతకంటే తొందరపెడితే మిగతాది కొవ్వుగానే చేరుతుంది. తూకం మిషన్‌కి ఆ తేడా తెలీదు. మోకాళ్లకీ, గుండెకీ తెలుస్తుంది.

ఈ బరువు ఎంతదాకా వెళ్లిందో తెలుసా? 2025లో ఫ్లోరిడా యూనివర్సిటీ కుర్రాడు డెజ్మండ్ వాట్సన్ ప్రొఫెషనల్ టీమ్‌ల ముందు తూగితే 464 పౌండ్లు. 210 కిలోలు! అదే రోజు 102 కిలోల బార్‌ని బెంచ్ ప్రెస్‌లో 36 సార్లు ఎత్తాడు. జనం వీడియోలు చూసి నోరెళ్లబెట్టారు. టాంపా బే టీమ్ తీసుకుంది కూడా. తీసుకున్నాక ముందు బరువు తగ్గమని ప్రాక్టీస్‌కి దూరంగా పెట్టింది. ఆగస్టులో వదిలేసింది.

ఇది పోతే ఉద్యోగం పోవడం. అంతకంటే పెద్దవి పోయిన సందర్భాలున్నాయి.

2011 జనవరిలో అయోవా యూనివర్సిటీలో సెలవుల తర్వాత కుర్రాళ్లతో వర్కవుట్ చేయించారు. ఒక్కొక్కరూ ఎత్తగలిగే బరువులో సగం వేసి వంద స్క్వాట్లు. టైమ్ కూడా లెక్కపెట్టారు. ఆ వారంలోనే 13 మంది ఆస్పత్రిలో చేరారు. దీన్ని రాబ్డో అంటారు. కండరాల కణాలు పగిలి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడతాయి. మూత్రం కోలా రంగులో వస్తుంది. అదృష్టం, అందరూ కోలుకున్నారు. వాళ్లు మనలాగా న్యూ ఇయర్‌కి జిమ్ కార్డు కొన్నవాళ్లు కాదు. రోజూ బరువులెత్తేవాళ్లు. మూడు వారాల గ్యాప్ తర్వాత ఒక్కసారిగా చేయిస్తే వాళ్ల ఒళ్లే తట్టుకోలేదు.

2006లో రైస్ యూనివర్సిటీలో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల కుర్రాడు పరుగుల ప్రాక్టీస్‌లో కుప్పకూలి చనిపోయాడు. అతనికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టని లక్షణమది. ఒంటిని హద్దు దాటిస్తే మాత్రం ప్రాణం మీదికి రావొచ్చు. 2010 నుంచి డివిజన్ వన్ ఆటగాళ్లకి ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. ఇది మనకి దూరపు సంగతి కాదు. మన మన్యంలో, ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి.

నా చదువు అయిపోయిన నెలలోనే, 2018 మే 29న, మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నెయిర్ ప్రాక్టీస్‌లో పడిపోయాడు. 19 ఏళ్లు. లైన్‌మన్. 325 పౌండ్లు. ఆ రోజు ఉష్ణోగ్రత 27 డిగ్రీల ప్రాంతం. మన మే నెలతో పోలిస్తే అది ఎండే కాదు. కానీ పెద్ద ఒంట్లో పుట్టే వేడి ఎక్కువ, అది బయటికి పోయే దారి తక్కువ. నూట పది గజాల పరుగులు పదిసార్లు. వడదెబ్బ తగిలిన మనిషిని వెంటనే ఐసు నీళ్ల తొట్టిలో ముంచాలి. చల్లబరచడం ముందు, అంబులెన్స్ తర్వాత. అరగంటలోపు చల్లబరిస్తే దాదాపు అందరూ బతుకుతారు. అతన్ని ముంచలేదు. ఆస్పత్రికి బయల్దేరేసరికే గంట దాటిపోయింది. జూన్ 13న చనిపోయాడు. తప్పు మాదేనని యూనివర్సిటీ ప్రెసిడెంట్ బహిరంగంగా ఒప్పుకున్నాడు. స్ట్రెంగ్త్ కోచ్ వెళ్లిపోయాడు, హెడ్ కోచ్‌ని తీసేశారు. కొడుకు పేరు మీద ఆ తల్లిదండ్రులు ఇప్పుడు మిగతా పిల్లల కోసం ఫౌండేషన్ నడుపుతున్నారు.

ఆ ఫొటో చూసినప్పుడు నాకు మూల టేబులే గుర్తొచ్చింది. వెంటనే మావాడికి మెసేజ్ పెట్టా, "బాగున్నావా?" అని. రెండు రోజులకి రిప్లై వచ్చింది. "బతికే ఉన్నా. 298."

నన్నడిగితే బరువు పెంచడం తప్పు కాదు. లైన్‌లో నిలబడాలంటే బలం కావాలి. బలహీనంగా వెళ్తే దెబ్బలు ఇంకా ఎక్కువ. నన్ను బాధపెట్టేది వేరే. "ఇంక నా వల్ల కాదు" అనే హక్కు ఆ కుర్రాడికి లేదు. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో నేను వారానికి 20 గంటలే పని చెయ్యాలి. సీజన్‌లో వాళ్ల ప్రాక్టీస్‌కీ ఎన్‌సీఏఏ పెట్టిన హద్దు వారానికి 20 గంటలే! నా గంటలు కార్డు గీస్తే లెక్కయ్యేవి. వాళ్లకి మాత్రం "నీ ఇష్టమైతే రా" అని పిలిచే కసరత్తులు లెక్కలోకి రావు. రానివాణ్ని అందరూ చూస్తూనే ఉంటారు. స్కాలర్‌షిప్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఇష్టం ఎవరిది?

పోనీ, ఇంత చేస్తే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్తారా? డ్రాఫ్ట్‌కి అర్హులైన కాలేజీ ఆటగాళ్లలో నూటికి ఇద్దరు కూడా సెలెక్ట్ కారు. మిగతావాళ్లు ఆ బరువుతోనే ఉద్యోగాలు వెతుక్కోవాలి. పైకెళ్లినవాళ్లదీ అదే పాట్లు. విస్కాన్సిన్‌లో చదివి, క్లీవ్‌లాండ్‌కి పదేళ్లకు పైగా ఆడిన జో థామస్ 2018లో రిటైరయ్యాక యాభై పౌండ్ల దాకా తగ్గి, పోల్చుకోలేనట్టు మారిపోయాడు. అదీ అతనికి డబ్బు, డాక్టర్లు, టైమ్ ఉన్నాయి కాబట్టి.

మొన్న కరీంనగర్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. "అన్నా, మా గ్రౌండ్ సార్ 1600 మీటర్లు అయ్యేదాకా నీళ్లు ముట్టొద్దంటుండు. తాగితే కడుపు బరువైతదంట" అన్నాడు.

వాడికి మేరీలాండ్ కథ మొత్తం చెప్పా. "దాహమైతే తాగు. కళ్లు తిరిగితే ఆగు. పక్కోడు తడబడితే వాణ్ని నీడకి లాగి, నిలువునా తడిపి, అప్పుడు 108కి ఫోన్ చెయ్. సార్ తిడితే తిట్టనీ" అన్నా. కాసేపు ఆగి, "సరే అన్నా, కానీ సార్‌కి ఎట్ల చెప్పాలె?" అని అడిగాడు. కొలంబస్ నుంచి కరీంనగర్ దాకా అసలు సమస్య ఆ ప్రశ్నే. జవాబు నా దగ్గరా పూర్తిగా లేదు. ఒక్కడివే చెప్పొద్దు, నలుగురు కలిసి చెప్పండి అన్నా.

మా కుర్రాడి సంగతి చెప్పలేదు కదా. మూడో ఏడు మోకాలు పోయింది. మ్యాచ్‌లో కాదు, ప్రాక్టీస్‌లో. ఎన్‌ఎఫ్‌ఎల్ కల అక్కడితో సరి. డిగ్రీ మాత్రం పూర్తి చేశాడు. ఇప్పుడు ఒక హైస్కూల్లో పిల్లలకి వెయిట్ ట్రైనింగ్ నేర్పిస్తున్నాడు. పోయిన నెల వీడియో కాల్‌లో చూస్తే సగం తగ్గిపోయినట్టు కనిపించాడు.

"మీ పిల్లల్ని ఏం తినమంటావ్?" అని అడిగా.

"ముందు 'ఆకలిగా ఉందా' అని అడుగుతా" అన్నాడు. "నన్ను ఆ మాట అడిగింది నువ్వొక్కడివే."