గుంటూరులో ఆ రోజు దొరికింది హీలియం కాదు

హీలియంను గుంటూరులో కనుగొన్నారన్న మాట మనవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. ఊరి పేరు వినగానే గర్వం కలగడం సహజం. అయితే ఆ ఒక్క వాక్యం కింద అసలు చరిత్ర పూడుకుపోతోంది. అది అంతకంటే గొప్పది.

1868 ఆగస్టు 18 ఉదయం, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ దూరదర్శినికి స్పెక్ట్రోస్కోప్ అమర్చుకుని గుంటూరులో సిద్ధంగా ఉన్నాడు. బింబం మూసుకుపోయాక అంచున ఎగసిన జ్వాలల వెలుగును సన్నని చీలిక గుండా పంపి చూస్తే విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. జ్వాలలు వేడికి వెలిగే వాయువులేనని, అందులో ప్రధానంగా ఉన్నది హైడ్రోజన్ అని తేలింది. ఆ గీతల తళుకు చూసి, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడే చూశాడు. ఈ జ్వాలలను చూడడానికి కొద్ది నిమిషాల గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకునే శాస్త్రానికి ఆ అవసరం తప్పింది. గుంటూరు ఘనత ఇదీ.

మరి హీలియం? జ్వాలల్లో ఒక పసుపు గీత ఉంది. చూసినవాళ్లలో చాలామంది దాన్ని సోడియందే అనుకున్నారు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర. గ్రహణపు హడావిడిలో అంత చిన్న తేడా పట్టడం తేలిక కాదు. మచిలీపట్నంలో పరిశీలించిన మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మాత్రం ఆ గీత సరిగ్గా సోడియం చోటే ఉందా అన్న అనుమానాన్ని నివేదికలో రాసిపెట్టాడు. ఆ నివేదిక శాస్త్ర పత్రికల్లోకి ఎక్కలేదు. అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్, గ్రహణంతో పని లేకుండానే, ఆ గీతను చూసి సోడియంతో కుదరడం లేదని తేల్చాడు. ఆ గీత కొత్త మూలకానిదన్న మాటను రసాయన శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియం వాయువును రాబట్టాక గానీ వాదం ముగియలేదు. గ్రహణానికీ దానికీ మధ్య 27 ఏళ్లు. అనుమానం, కొలత, అపనమ్మకం, రుజువు అన్నీ ఇందులో ఉన్నాయి. మనం పిల్లలకు ఊరి పేరు మాత్రం అందించి సరిపెడుతున్నాం.

అదే గ్రహణాన్ని నిజాం రాజ్యంలోని వనపర్తి నుంచి చింతామణి రఘునాథాచారి పరిశీలించారు. ఆయన మద్రాసు వేధశాలలో పోగ్సన్ సహాయకుడు. నాకు ఈ చరిత్రలో అందరికంటే ముఖ్యుడు ఈయనే. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోయే ముందు, ఆ సంగతిని వివరిస్తూ ఇంగ్లిష్‌తో పాటు భారతీయ భాషల్లోనూ చిన్న పుస్తకం తెచ్చారు. ఒక సిద్ధాంతితో సంభాషణగా దాన్ని నడిపారు. పంచాంగ గణితాన్ని ఆకాశంలో కనిపించే దానితో సరిచూసి దిద్దుకోవాలన్నది ఆయన వాదన. సంప్రదాయాన్ని ఆయన ఎగతాళి చేయలేదు, దానికి తలవంచి ఊరుకోనూ లేదు. సిద్ధాంతిని ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్క చూపించారు.

పండుగ ఏ రోజన్న తగువు మన పంచాంగకర్తల మధ్య ఇప్పటికీ వస్తూనే ఉంది. ఆ తగువులో రఘునాథాచారి పేరు ఎత్తేవారే కనబడరు. గుంటూరు, మచిలీపట్నం, వనపర్తి మూడూ కలిసిన ఒక పాఠం ఉన్నత పాఠశాల పుస్తకంలో ఉండాలి. పోగ్సన్ అనుమానమూ రఘునాథాచారి పుస్తకమూ అందులో చేరాలి. దాన్ని సైన్సు మాస్టారూ చెప్పవచ్చు, సాంఘికశాస్త్రం మాస్టారూ చెప్పవచ్చు.