‘మరియు బృందం’లో ఉన్నది ఎవరు జనాబ్?

ఏటా ఫిబ్రవరి 5 వస్తే మనవాళ్లకు షేక్ నాజర్ యాదొస్తాడు. ఫొటోకి పూలదండ, ఒక మైకు, నాలుగు శాలువాలు, అరిగిపోయిన రెండు మాటలు: ‘బుర్రకథ పితామహుడు’, ‘మతసామరస్యానికి ప్రతీక’. ఆరో తారీఖు పొద్దున్నకి దండ వాడిపోతుంది, యాద్ కూడా వాడిపోతుంది. నాజర్ మీద నాకే పేచీ లేదు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టి, తంబుర భుజానేసుకుని, పల్నాటి యుద్ధాన్నీ అల్లూరి సీతారామరాజునీ ఊరూరా తిప్పి, 1986లో పద్మశ్రీ దాకా వెళ్లిన ఫన్‌కార్ ఆయన. తన జీవితకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకునేంత గుండె ఉన్న మనిషి. నా పేచీ ఆయన పక్కన నిలబడ్డవాళ్ల మీద కమ్ముకున్న ఖామోషీతో.

ఆ సభలో ఎవరైనా లేచి, ‘నాజర్‌కి అటూ ఇటూ గుమ్మెటలు వాయించిందెవరండీ?’ అని అడగండి. ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టండి.

బుర్రకథ ముగ్గురి ఆట. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేలికి అందె. అటొకరు, ఇటొకరు వంతలు. ఒకాయనది హాస్యం, ఒకాయనది రాజకీయం. కథకుడు రాజుల దాస్తాన్ లాక్కుపోతుంటే హాస్య వంత అడ్డం పడతాడు: “ఆగవోయ్, రాజుగారు భోంచేశారన్నావు బానే ఉంది, వండిందెవరు? గిన్నెలు కడిగిందెవరు?” రాజకీయ వంత ఆ మాట పట్టుకుని కథను రేషన్ షాపు దగ్గరికి, కూలిరేటు దగ్గరికి, నిన్నటి అఖ్బార్ దగ్గరికి తెస్తాడు. కథ కథకుడిది. సవాల్ వంతలది. ఉర్దూ దాస్తాన్‌గో ఒక్కడే కూర్చుని చెప్తే ఎదురుగా ఉన్నవాళ్లు వాహ్ వా అంటారు. బుర్రకథలో మాత్రం చెప్పేవాణ్ణి నిలదీసేవాళ్లు వేదిక మీదే ఉంటారు. వంతల్ని మరిచిపోవడమంటే ఈ ఫన్‌లో సవాల్ చేసే సగాన్ని మరిచిపోవడం.

మా గుంటూరు వైపు 1980ల చివర్లో, 90ల మొదట్లో అలాంటి వంతల జోడీ ఒకటుండేది. ఇద్దరూ దూదేకులవాళ్లే. పగలు పరుపులకు దూది ఏకి, రాత్రి కాళ్లకు గజ్జె కట్టేవాళ్లు. కథకులు మారేవాళ్లు, వీళ్లిద్దరు మారేవాళ్లు కాదు. ఒకరి గొంతు పైకి వెళ్తే రెండోవారిది కింద ఆసరాగా ఉండేది. ఇద్దరూ కలిసి తందానా అందుకుంటే వెనక వరసలో నిద్రపోయే పిల్లలు లేచి కూర్చునేవాళ్లు. మా మొహల్లా పిల్లలం ఒకాయన్ని నవ్వుల చాచా అనీ, ఇంకొకాయన్ని సవాళ్ల చాచా అనీ పిలిచేవాళ్లం. నాది ఉర్దూ మీడియం బడి. అలీఫ్ బే పే తర్వాత చాన్నాళ్లకు గానీ అ ఆలు రాలేదు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే ఇంట్లో అందరూ హైరాన్ అయ్యారు. ఆ ఇష్టం పాఠ్యపుస్తకంలోంచి వచ్చింది కాదు. తెలుగు నా జబాన్ కూడా అని నాకు మొదట చెప్పింది ఆ ఇద్దరు చాచాలు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. ఎందుకో కింద చెప్తాను.

1993 సంక్రాంతి. బాబ్రీ మసీదు కూల్చి నెల దాటింది, అంతే. మొహల్లాలో పెద్దవాళ్లు చీకటి పడ్డాక మమ్మల్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజుల్లో వీళ్లిద్దరూ బజారు మధ్య పందిట్లో ‘బొబ్బిలి యుద్ధం’ చెప్పడానికి వెళ్లారు. ఆ కథలో ఫ్రెంచి బుస్సీ పక్కన ఆయన దివాను హైదర్‌జంగ్ ఉంటాడు. ఆ పేరు రాగానే జనంలోంచి ఒక ఈల, ఒక కేక. ఎటువైపు నుంచి, దేనికి అన్నది పందిట్లో అందరికీ తెలుసు. నవ్వుల చాచా గుమ్మెట ఆపాడు. “అవునన్నా, హైదర్‌జంగు మావోడే. బుస్సీ దొర ఎవరోడు? విజయనగరం విజయరామరాజు ఎవరోడు? ముగ్గురు మూడు దేవుళ్లకు మొక్కారు. ముగ్గురూ కలిసి ఒక్క కోట తగలబెట్టారు.” వెంటనే సవాళ్ల చాచా అందుకున్నాడు: “ఇప్పుడు చెప్పండి బాబూ, కోట కాలింది మతం వల్లనా, దురాశ వల్లనా?” పందిరి గప్‌చుప్. తర్వాత చప్పట్లు. 1757 నాటి యుద్ధం గురించి ఇంతకన్నా సాఫ్‌గా చెప్పిన పాఠం నేను ఏ క్లాసులోనూ వినలేదు. ఆ రాత్రి ఆ ఊళ్లో ఆ మాట అనడానికి ఎంత జిగర్ కావాలో నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు.

అలాంటి జోడీని మనం ఏం చేశాం?

ముందు మన మొహల్లా సంగతే మాట్లాడుకుందాం. “ఉనో హమారే నై మియా, దూదేకులే హై.” ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! ఇంట్లో తెలుగు మాట్లాడతారని, పేరులో ఉర్దూ నఖ్రా లేదని, వాళ్లను సగం ముసల్మాన్లుగా చూసింది ఎవరు? సర్కారు జాబితాలో వాళ్లు బీసీ-బీ. 2007 నుంచి మనలో చాలామందిమి బీసీ-ఇ. కాగితం మీద ఆ గీత సర్కారు గీసింది. దస్తర్‌ఖాన్ మీద గీత మాత్రం మనమే గీసుకున్నాం. పైగా ‘గానా బజానా హరామ్’ అని ఒక సన్నాయి నొక్కు. అదే నోరు ఉర్సులో ఖవ్వాలీకి తెల్లారేదాకా సుబ్‌హానల్లా అంటుంది. ఫారసీలో పాడితే రూహానీ, తెలుగులో పాడితే హరామా? ఈ ఫత్వా సంగీతం మీద కాదు జనాబ్, దూది ఏకే చేతుల మీద.

రెండోది, తెలుగు సాహిత్యం పెద్దలు. డిగ్రీలో మాకు బుర్రకథ అంటే పరీక్షలో అయిదు మార్కుల లఘు ప్రశ్న. ‘ఒక కథకుడు, ఇద్దరు వంతలు ఉందురు’ అని రాస్తే మార్కులు. ఉందురు సరే, ఎవరుందురు? ఉత్సవాల పాంప్లెట్ తీయండి. కథకుడి పేరు, కింద ‘మరియు బృందం’. ఖవ్వాలీ కేసెట్ల మీద ‘అండ్ పార్టీ’ అని వేసేవాళ్లు, అక్కడి హమ్‌నవాల గతీ ఇదే. ఇది ఇజ్జత్ సమస్య మాత్రమే కాదు, రోటీ సమస్య కూడా. సవాళ్ల చాచా ముసలితనంలో కళాకారుల పింఛను కోసం ఒక దఫ్తర్ మెట్లెక్కాడు. ప్రదర్శన ఇచ్చినట్టు రుజువు తెమ్మన్నారు. సందూక్‌లో దాచుకున్న పాంప్లెట్లన్నీ తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ముప్పై ఏళ్లు పాడిన మనిషి కాగితం మీద అసలు పాడనే లేదు!

మూడోది, సామరస్యం దుకాణం. ఈ దుకాణదారుకు ముసల్మాన్ కళాకారుడు కావాలి, కానీ గుమ్మెట లేకుండా కావాలి. బ్రహ్మనాయుడి చాపకూడు కథ పాడే సాయిబు ముచ్చటగా ఉంటాడు. ‘చాపకూడు బాగుందయ్యా, మరి మాకు మీ వీధిలో అద్దెకు ఇల్లెందుకివ్వరు?’ అని అడిగే వంత మాత్రం చేదు. ఆ ఇద్దరు చాచాలు ఎవరికీ ప్రతీకలు కారు. వాళ్లు ఫన్‌కార్లు. సవాల్ తీసేసి శాలువా కప్పడం యాద్ చేసుకోవడం కాదు, దఫన్ చేయడం.

‘టీవీలొచ్చాయి, మొబైళ్లొచ్చాయి, కళ పోయింది, ఎవర్నని ఏం లాభం?’ అనే జవాబు నాకు తెలుసు. ఇది బహానా. 1953లోనే డాక్టర్ రాజారావు ‘పుట్టిల్లు’ సినిమాలో నాజర్ బుర్రకథ పెట్టారు. రేడియో వాడుకుంది, సర్కారు కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడుకుంది. ప్రతి కొత్త యంత్రం బుర్రకథను అడిగి తీసుకుంది. అడగనిదల్లా వంతల పేర్లు. వాడుకోవడానికి లేని అడ్డం, రాసుకోవడానికి యంత్రం అడ్డమా?

ఇక పేర్లు ఎందుకు రాయడం లేదో చెప్తాను. నవ్వుల చాచా కొడుకు ఇప్పుడు మంచి నౌకరీలో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, నాన్న గురించి రాస్తానంటే ఖుష్ అయ్యాడు. పేరు రాస్తానంటే గొంతు తగ్గించాడు. “వద్దు భాయ్. ఆఫీసులో దూదేకులోడని తెలుసు. బుర్రకథోడి కొడుకని కూడా తెలియాలా?” ఆ కుర్రాణ్ణి నేను ఒక్క మాటా అనను. ఊరంతా నవ్విన తండ్రి జోకులకు వారసత్వంగా అతనికి షరం మిగిల్చింది ఎవరు? పైన చెప్పిన మూడు గుంపులూ కలిసి మిగిల్చాయి.

కాబట్టి శాలువాలు పక్కన పెట్టండి. పాంప్లెట్ మీద ముగ్గురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయండి. ఊళ్లలో ఇంకా బతికున్న వంతల దగ్గరికి తెలుగు విద్యార్థులను పంపండి. కథ అందరికీ తెలుసు, వాళ్లు మధ్యలో వేసిన సవాళ్లు రికార్డ్ చేయించండి. పింఛను బల్ల దగ్గర కాగితంతో పాటు ఊరి గవాహీ కూడా చెల్లేలా చూడండి. ఇక మన మసీదు కమిటీలకు ఒక్క మాట: జుమా నాడు మొదటి సఫ్‌లో దూదేకుల చాచాకు జాగా ఇస్తున్నాం, షుక్రియా. షాదీ దస్తర్‌ఖాన్ మీద కూడా ఇవ్వండి. ఆయన కొడుకు తన బాప్ పేరు తానే నోరారా చెప్పుకున్న రోజు ఇక్కడ ఆ పేర్లు రాస్తాను, రెండూ, పెద్ద అక్షరాల్లో.