చెబితే తినరు, పెడితే తింటారు

ఏటా సెప్టెంబరు మొదటి వారంలో కాలేజీల్లో జాతీయ పోషకాహార వారోత్సవాలు జరుగుతాయి. క్విజ్‌లు, పోస్టర్ల పోటీలు, ఆకుకూరల మీద ఓ ఉపన్యాసం. అది విన్న పిల్లలే మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో అన్నం, నీళ్ల సాంబారు, ఆలూ వేపుడు తిని మళ్లీ క్లాసుకు పోతారు. ఏది మంచిదో వాళ్లకు తెలియక కాదు. అది కంచం దాకా రావడం లేదు. ఈ వయసు వాళ్ల తిండి మీద వచ్చిన పరిశోధనల్లో నాకు కనిపించిన సారం కూడా ఇదే.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో టామ్లిన్ కానర్ బృందం చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. పండ్లు, కూరగాయలు తక్కువగా తినే 18–25 ఏళ్ల వాళ్లను 171 మందిని తీసుకుని మూడు జట్లు చేశారు. మొదటి జట్టును వాళ్ల మానాన వదిలేశారు. రెండో జట్టుకు తినమని గుర్తుచేస్తూ ఫోన్లకు సందేశాలు పంపి, కొనుక్కోవడానికి వోచరు ఇచ్చారు. మూడో జట్టుకు క్యారెట్, కివీ, యాపిల్, నారింజ లాంటివి రోజుకు రెండు సర్వింగులు అదనంగా చేతికే అందించారు. రెండు వారాల తర్వాత హుషారు, ఉత్సాహం, జీవితం బాగుందన్న భావన పెరిగింది మూడో జట్టులోనే. అయితే దిగులు, ఆందోళన మాత్రం తగ్గలేదు. పండు తింటే డిప్రెషన్ పోతుందని ప్రచారం చేసే వాట్సాప్ వైద్యులు ఈ ముక్కను మింగేస్తారు. పైగా రెండు వారాలన్నది చిన్న గడువు.

సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన అధ్యయనం మరో కోణం చూపింది. కుంగుబాటు లక్షణాలున్న 17–35 ఏళ్ల వాళ్లు 76 మందిలో సగం మందికి మూడు వారాల పాటు మంచి ఆహారం అలవాటు చేశారు. డైటీషియన్ వీడియోతో సరిపెట్టకుండా సరుకుల బుట్ట, కిరాణా ఖర్చుకు కొంత డబ్బు కూడా ఇచ్చారు. వాళ్లలో కుంగుబాటు స్పష్టంగా తగ్గింది. మూడు నెలల తర్వాత పలకరించగలిగిన 33 మందిలో ఆ తిండిని పూర్తిగా కొనసాగిస్తున్నది మాత్రం 21 శాతమే.  నా దృష్టిలో ముఖ్యమైనది అదే. ఆసరా ఆగాక అలవాటూ చాలామందిలో పూర్తిగా నిలవలేదు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కాలేజీల క్యాంటీన్లలో చేసిన మరో అధ్యయనంలోనైతే ఎవరికీ ఏమీ బోధించలేదు. నాలుగింట ఒకటిగా ఉన్న శాకాహార వంటకాలను రెండు చేస్తే వాటి అమ్మకాల్లో పెరుగుదల 41–79 శాతం మధ్య ఉంది. అక్కడి ఉద్దేశం పర్యావరణమే కావచ్చు. మెనూ రాసేవాడి చేతిలో ఎంత బలముందో దానితో తేలిపోయింది.

మన దగ్గర ఆ మెనూ ఎవరు రాస్తున్నారు? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు కావాలి. అదే ఏడాది చివర్లో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారి మెస్ ఛార్జీలను నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలు చేసింది. మెచ్చుకోవాల్సిన నిర్ణయమే. కానీ రోజుకు 70 రూపాయలు. మూడు పూటల తిండి, గ్యాస్, నూనె పోగా పండుకు మిగిలేది ఎంతో మార్కెట్‌కు వెళ్లే ఎవరైనా చెప్పగలరు.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రైవేటు హాస్టళ్ల సంగతి మరీ అధ్వానం. అక్కడ నెల అద్దెలోనే తిండి కలిసిపోతుంది కాబట్టి, కూరలో తగ్గిన ప్రతి వంకాయా యజమానికి లాభమే. ఫ్యాన్ తిరగకపోతే పోట్లాడే కుర్రాడు పప్పు పలచనైతే అడగడు. బయట బిర్యానీ ఆర్డర్ చేసుకుంటాడు.

ఏం పెట్టినా పిల్లలు అర్ధరాత్రి నూడుల్స్ బండి దగ్గరికే పోతారని వార్డెన్లు అంటారు. కొందరు పోతారు, నిజమే. ఎనిమిదింటికే మెస్ మూసేసి, ఒంటిగంట దాకా చదివే వాళ్లను తప్పుపడితే ఎలా? ఆకలేసినప్పుడు తెరిచి ఉన్నది ఆ బండి ఒక్కటే. పదింటికి ఉడికించిన వేరుశనగలో, అరటిపండో, గ్లాసు మజ్జిగో అందుబాటులో ఉంచి చూశాక ఆ మాట అంటే వినొచ్చు.

మెస్ టెండర్లలో తలకు ఇన్ని రూపాయలని రాస్తున్నారు. దాని పక్కనే తలకు ఇన్ని గ్రాముల కూరగాయలు, పండ్లు అని కూడా రాయాలి. కూరగాయల ధర పెరిగితే ఛార్జీ దానంతటదే పెరిగేలా, విద్యార్థుల మెస్ కమిటీయే తూకం చూసి సంతకం పెట్టేలా షరతులుండాలి. ప్రైవేటు హాస్టళ్లకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో పాటు వంటగది రిజిస్టరూ అడగాలి. వారోత్సవాల ఖర్చులో కొంత మెస్‌కు మళ్లించినా పోస్టర్లకు వచ్చే లోటేమీ ఉండదు.